ముందు క్షమాపణ, తర్వాత వాల్వు

ఆ రోజు పొద్దున్న ఏడు గంటలకు కురమోచి మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి వెనక ఈతకొలను దగ్గరికి వెళ్ళాలి, ఫిల్టరు కడగాలి, వాల్వును మళ్ళీ దాని చోటికి తిప్పాలి, నీళ్ళలో మందు బిళ్ళలు వెయ్యాలి, స్టాఫ్ రూముకు వచ్చి చల్లటి బార్లీ టీ తాగాలి. మధ్యాహ్నం ఈ ఏటి కొలను ప్రారంభోత్సవం. ఇంత చిన్న పథకం పాడవ్వాలంటే చాలామంది పెద్దల సహకారం కావాలి. ఒకినోహర ప్రాథమిక పాఠశాలలో పెద్దలకూ, సహకారానికీ ఎప్పుడూ లోటు లేదు.

కురమోచి నాలుగో తరగతి మాస్టారు. ఏప్రిల్‌లో ఎవరికే పని అని పంచుకునే సమావేశం జరుగుతుండగా, కాపీ మిషన్‌లో ఇరుక్కున్న కాగితం లాగడానికి కాసేపు పక్కగదికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కొలను బాధ్యుడై ఉన్నాడు. గదిలో లేనివాణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకోవడం ఆ స్టాఫ్ రూముకు వెన్నతో పెట్టిన విద్య.

అదీ భరించేవాడే. కానీ కొలను బాధ్యుడు ప్రారంభోత్సవం నాడు బడి పిల్లలందరి ముందూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈది చూపించాలి. దానికి నమూనా ఈత అని పేరు. కురమోచికి ఈత రాదు.

రాదని చెప్పే అవకాశం కూడా రాలేదు. "మన కురమోచి మాస్టారిది చేపల రేవు కదా! నడక కంటే ముందు ఈతే వచ్చుంటుంది," అని హెడ్మిస్ట్రెస్ హతొగాయా గారు నిండు సమావేశంలో మురిసిపోయారు. రేవులో పుట్టిన మాట నిజమే. వాళ్ళ నాన్నకు ఆ రేవులో మంగలి షాపు ఉండేది, కురమోచి చిన్నతనమంతా వెంట్రుకలు ఊడ్చడంలో గడిచింది. ఆ మాట అనకుండా "ఆలోచిస్తానండీ," అన్నాడు. స్టాఫ్ రూమంతా చప్పట్లు కొట్టింది.

మునిగిపోతానన్న భయం కాదు అతనిది. బడి కొలనులో నీళ్ళు అతని ఛాతీ దాకా వస్తాయంతే. మునిగేది పరువు. "భయపడితే భయం పెద్దదవుతుంది, దూకితే చిన్నదవుతుంది," అని తన తరగతి పిల్లలకు ఏడాదిగా నూరిపోసింది తనే. మాస్టారి ఈత చూడాలని ఆ పిల్లలు తెల్లగుడ్డతో బొమ్మలు కట్టి, వాన రాకూడదని మొక్కుకుని, తరగతి కిటికీ నిండా వేలాడదీశారు. మాస్టారు కూడా ఇంట్లో ఒక గుడ్డబొమ్మ కట్టాడు. వాన రావాలంటే దాన్ని తలకిందులుగా వేలాడదియ్యాలి కాబట్టి అలాగే, బీరువా వెనకాల, భార్యకు కనబడకుండా వేలాడదీశాడు. వానల నెల వచ్చి మూడు వారాలైనా చినుకు పడలేదు. పిల్లల బొమ్మలు నలభై, మాస్టారిది ఒకటి. దేవుడు కూడా మెజారిటీ చూసే పనిచేస్తాడు కాబోలు.

ఫిల్టరు గది కొలను గట్టు కింద పల్లంలో ఉంది. లోపల ఇసుక నిండిన పెద్ద పీపా, దాని నెత్తిన వాల్వు, వాల్వుకు నల్లటి పిడి. పిడిని ఒక చోట పెడితే నీళ్ళు ఇసుకలో వడకట్టుకుని కొలనులోకి వస్తాయి. ఇంకో చోట పెడితే ఇసుకలోకి ఎదురు వెళ్ళి మురికిని కడుక్కుంటూ బయటికి పోతాయి. మరో చోట పెడితే ఇసుక జోలికే పోకుండా కొలనులో నీళ్ళన్నీ తిన్నగా బయటి కాలువలో పడతాయి. ఏ చోటు ఏమిటో వాల్వు మీద చెక్కి ఉంటుంది.

ఉండేది అనాలి. పిడి ఎవరూ తిప్పకూడదని ఒకప్పటి కొలను బాధ్యుడు "దయచేసి ముట్టుకోవద్దు" అని రాసి, ప్లాస్టిక్ పొర వేయించి, దాని మీద అతికించాడు. తర్వాతి బాధ్యుడు దాని మీద "మరీ మరీ ముట్టుకోవద్దు" అని ఇంకోటి అతికించాడు. ఆ తర్వాతాయన రెండు చేతులూ అడ్డం పెట్టి ఏడుస్తున్న కప్పబొమ్మ వేయించాడు. అలా ఏ చోటు ఏమిటో తెలిపే అక్షరాలన్నీ నాలుగు పొరల మర్యాద కింద సమాధి అయ్యాయి. కప్ప కాళ్ళ దగ్గర అతికించిన చివరి పొర మీద ఒక్కటే కొత్త వాక్యం ఉంది: "సందేహముంటే బాధ్యుణ్ణి అడగండి." బాధ్యుడు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

అయినా కడగడం సవ్యంగానే మొదలైంది. మోటారు ఆపి, పిడి తిప్పి, మళ్ళీ మోటారు వేశాడు. అద్దపు గొట్టంలో నీళ్ళు ముందు టీ రంగులో, తర్వాత తేరుకుంటూ కనిపించాయి. ఇక మోటారు ఆపి పిడిని వడపోతకు తిప్పాలి. సరిగ్గా అప్పుడు గోడ మీది స్పీకరులోంచి ఉప హెడ్మాస్టరు నెజు గారి గొంతు వినిపించింది.

"ఉదయపు సమావేశం మొదలవుతోంది. అందరూ వచ్చేశారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరెవరో నేను చెప్పను."

కురమోచికి చెమటలు పట్టాయి. మోటారు నడుస్తుండగా పిడి తిప్పకూడదని తెలుసు. తెలిసీ తిప్పాడు. లోపల గుడ్డ చిరిగినట్టు పర్రుమంది. కప్ప ఎడమ కన్ను దగ్గర పిడిని వదిలేసి, అదే వడపోత అయి ఉంటుందని కప్ప మీద భారం వేసి, పరుగెత్తాడు.

సమావేశంలో ప్రారంభోత్సవానికి ఎవరు ఎక్కడ నిలబడాలన్న దాని మీద సుదీర్ఘ చర్చ జరిగింది. అది ముగిసి టీ కప్పు చేతికి వచ్చేసరికి స్టాఫ్ రూము గుమ్మంలో తొకొరో గారు నిలబడి ఉన్నారు. బడి గోడ అవతల, కాలువ పక్క వరిపొలం ఆయనదే. టోపీ తీసి చేత్తో పట్టుకుని, బురదకాళ్ళతో లోపలికి రాకుండా, గుమ్మంలోంచే వంగి దణ్ణం పెట్టారు.

"మీ బడివాళ్ళ మనసెంత పెద్దదో ఇవాళ తెలిసింది బాబూ," అన్నారు తొకొరో గారు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగనే లేదు, నీళ్ళు గలగలా నా పొలంలోకొచ్చేశాయి. ఈ రోజుల్లో ఇంత మంచి పని ఎవరు చేస్తారండీ? ఒక్క మాట చెప్పిపోదామని వచ్చా, అంతే."

మళ్ళీ వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

నెజు గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన నేర్చుకున్నది ఒక్కటే: గట్టిగా అరిచేవాడికి కోపం లేదు, నవ్వుతూ పొగిడేవాడికే ఉంది.

"విన్నావా మాస్టారూ? 'మనసెంత పెద్దదో' అన్నాడు. అంటే పొలం మునిగిపోయిందన్నమాట! 'ఇంత మంచి పని ఎవరు చేస్తారు' అన్నాడు. అంటే ఇంత నీచం ఎవరూ చెయ్యరని! మూడోది గమనించావా? 'అంతే' అన్నాడు. అంటే ఇది అంతటితో పోదు!"

కురమోచికి కప్ప ఎడమ కన్ను గుర్తొచ్చింది. "అయ్యో, వాల్వండీ! నేను తప్పు చోట పెట్టినట్టున్నా. పరుగెత్తుకెళ్ళి కట్టేసొస్తా."

"ఎక్కడికి?" నెజు గారు అతని చొక్కా పట్టుకున్నారు. "పక్క మనిషి పొలం ముంచేసి, ముందెళ్ళి నీ వాల్వు చూసుకుంటావా? లోకం ఏమనుకుంటుంది? ముందు క్షమాపణ, తర్వాత వాల్వు!"

"కానీ నీళ్ళు పోతూనే ఉంటాయి కదండీ..."

"నీళ్ళు పోతే నింపుకోవచ్చు. మర్యాద పోతే దేంతో నింపుతావు? సైకిలేసుకుని వెళ్ళి మిఠాయి పట్రా. కేకులూ బిస్కెట్లూ కాదు, ఎర్రచిక్కుడు గింజల తీపి దిమ్మలు. తప్పు ఎంత బరువైతే మిఠాయి అంత బరువుండాలి."

కురమోచి బజారుకు వెళ్ళి ఇటుకల్లాంటి మూడు దిమ్మల పెట్టె తెచ్చాడు. ఇద్దరూ నల్లకోట్లు తొడుక్కుని, జూన్ ఎండలో, గోడ చుట్టూ తిరిగి తొకొరో గారి ఇంటి ముందు నిలబడి నడుం సగానికి వంచారు. వంగిన చోటు నుంచి కురమోచికి కాలువ కనిపించింది. నీళ్ళు హాయిగా, నిండుగా, అతని పరువులాగే పారిపోతున్నాయి.

"మా వల్ల ఘోరమైన అసౌకర్యం జరిగింది," అన్నారు నెజు గారు నేలతో.

"నాకా?" తొకొరో గారు తెల్లబోయారు. "నాకేం జరిగింది బాబూ?"

"మీ పెద్దమనసు మమ్మల్ని మరింత సిగ్గుపడేలా చేస్తోంది," అని నెజు గారు ఇంకో రెండు వేళ్ళు కిందికి వంగి, పెట్టె అరుగు మీద పెట్టి, వెనకడుగు వేసుకుంటూ వచ్చేశారు.

పాపం తొకొరో గారు ఆ పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నారు. థాంక్స్ చెప్పబోతే నల్లకోట్లు వేసుకొచ్చి క్షమాపణ చెప్పారేమిటి? ఆయనా ఆ ఊళ్ళో పుట్టిన మనిషే, మాట వెనక మాట వెతకడం ఆయనకూ వచ్చు. వెతికితే దొరికింది. బడి నీళ్ళు పొరపాటున కాలువలో పడితే, తాను అప్పనంగా పొలానికి మళ్ళించుకుని, పైగా వెళ్ళి పొగిడాడు. అందుకని మిఠాయి పెట్టి చెప్పుతో కొట్టారన్నమాట. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే తోటలోకి వెళ్ళి మంచి వంకాయలన్నీ కోసి, పెద్ద గంప నింపి, బడి గుమ్మంలో పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయారు.

గంప చూసి నెజు గారు కుర్చీలో కూలబడ్డారు.

"పుచ్చుకున్నదాంట్లో సగం తిరిగివ్వడం మర్యాద. ఇది చూడు, రెండింతలుంది! మన క్షమాపణ మనకే తిప్పికొట్టాడు మాస్టారూ. ఇక ఇది మన స్థాయి దాటిపోయింది. మేడం గారు వంగాల్సిందే."

ఆయన హెడ్మిస్ట్రెస్ గదిలోకి దూరగానే కురమోచి దొడ్డిదారిన కొలను దగ్గరికి పరుగెత్తాడు. నీళ్ళు నడుం లోతుకు దిగిపోయి ఉన్నాయి. ఆ దృశ్యం చూసి గుండె జారిపోవలసిన మనిషి, అబద్ధమెందుకు, ఒక్క క్షణం సంతోషించాడు. నీళ్ళు లేకపోతే ఈత లేదు. గుడ్డబొమ్మ వల్ల కాని పని వాల్వు వల్ల అయింది. కానీ ఆ వెంటనే ఏటా ఏదో ఒక ఊళ్ళో కొలను వాల్వు మరిచి పేపరుకెక్కే మాస్టార్లు గుర్తొచ్చారు. తన తరగతి పిల్లలు తువ్వాళ్ళు మెళ్ళో వేసుకుని పొద్దుటి నుంచీ ఊరేగడం గుర్తొచ్చింది. ఛీ అనిపించింది. ఫిల్టరు గదిలోకి దూకాడు.

గోళ్ళతో పొరలన్నీ పీకాడు. కప్ప పోయింది, మరీ మరీ పోయింది, దయచేసి కూడా పోయింది. కింద చక్కని అక్షరాలు బయటపడ్డాయి. కప్ప ఎడమ కన్ను కింద ఉన్నది "పారబోత". మోటారు ఆపి, పిడిని "వడపోత"కు తిప్పాడు. అద్దపు గొట్టంలో నీళ్ళు ఆగలేదు. మోటారు నడుస్తుండగా తిప్పిన పాపానికి లోపలి రబ్బరు చిరిగింది. ఇప్పుడు పిడి ఎక్కడ పెట్టినా వాల్వుకు ఒక్కటే దారి, కాలువదారి. మోటారు ఆగితే మాత్రమేం? కొలను ఎత్తులో ఉంది, కాలువ పల్లంలో ఉంది, పల్లానికి పోవడానికి నీళ్ళకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇక మిగిలింది కొలను దగ్గరి గొట్టం బిరడా బిగించడం. అది తుప్పు పట్టి ఉంది. పెద్ద పానా కావాలి.

పానా కోసం స్టోరు గదికి పరుగెడుతుంటే వరండాలో నెజు గారు ఎదురుపడ్డారు.

"అదిగో! మేడం గారు బూట్లు వేసుకుంటున్నారు. అయిదు దిమ్మలు, చెక్కపెట్టె. నువ్వే మోయాలి."

"నెజు గారూ, రబ్బరు చిరిగిందండీ. రెండు నిమిషాలు వదిలితే..."

"హెడ్మిస్ట్రెస్ గారు నీ తప్పుకు నడుం వంచబోతుంటే నువ్వు పానా పట్టుకుని తిరుగుతావా? ఆమెకు నడుంనొప్పి, తెలుసా?"

ముగ్గురూ వెళ్ళారు. నడుంనొప్పి ఉన్నా హతొగాయా గారు అందరికంటే కిందికి వంగారు. హోదా అంటే అదే మరి. అయితే తలుపు తీసింది తొకొరో గారి భార్య.

"ఆయన లేరండీ. మీ నీళ్ళ పని మీదే ఎవరెవర్నో కలుస్తానని సైకిలెక్కి పోయారు. చొక్కా కూడా మార్చుకున్నారు."

చొక్కా మార్చుకున్నారన్న మాట నెజు గారికి చాలింది. "మునిసిపాలిటీకి! కాకపోతే పేపరు ఆఫీసుకి!" అని గొణిగారు. హతొగాయా గారు వచ్చే మార్చిలో రిటైరవుతారు. మచ్చలేని ఉద్యోగమని అందరూ అంటుంటే విని, ఇన్నాళ్ళూ ఆ పేరునే కాపాడుకుంటూ వచ్చారు. తిరుగుదారిలో ఆమె మొహం చూసి కురమోచికి నిజంగా ఏడుపొచ్చింది. మునిగేది తన పరువొక్కటే అనుకున్నాడు. ఇప్పుడు ఈవిడది కూడా తన వాల్వులోంచే పోతోంది.

"మేడం, తప్పంతా నాది," అన్నాడు.

"కాదు, నాది," అన్నారు హతొగాయా గారు.

"లేదు మేడం, నాది," అన్నారు నెజు గారు. బడి గేటు వచ్చేదాకా ముగ్గురూ తప్పును నాదంటే నాదని లాక్కున్నారు. పానా మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రారంభోత్సవం వేళకు పిల్లలందరూ తెల్లటోపీలు పెట్టుకుని గట్టు మీద వరుసగా కూర్చున్నారు. కొలనులో నీళ్ళు మోకాలి లోతున ఉన్నాయి. "కొలను ఎండిపోయింది!" అని ఒకటో తరగతి వాళ్ళు కేకలేస్తుంటే, టీచర్లు "ష్ష్, అలా అనకూడదు," అని సర్దిచెబుతున్నారు. అనకపోతే నీళ్ళు ఉన్నట్టే కదా. హతొగాయా గారు మైకు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అప్పుడు వెనక గేటు తీసుకుని తొకొరో గారు వచ్చారు. ఒక్కరే కాదు, వెంట అరడజను మంది రైతులు, అందరూ చొక్కాలు మార్చుకుని. నెజు గారు కళ్ళు మూసుకున్నారు.

తొకొరో గారు నేరుగా హెడ్మిస్ట్రెస్ ముందుకొచ్చి నేల మీద మోకాళ్ళు ఆనించారు.

"అమ్మా, నాకు చుట్టుతిప్పి మాట్లాడటం రాదు. పొద్దున్న అలా మాట్లాడబోయి ఈ గొడవ తెచ్చుకున్నా. ఒక్క మాట తిన్నగా చెప్పి పోతా. మూడు వారాలుగా వాన లేదు. నాట్లేసిన మడి బీటలిచ్చింది. ఇంట్లో గుడ్డబొమ్మని తలకిందులు కట్టి దణ్ణాలు పెట్టుకున్నా. వాన రాలేదు, మీ నీళ్ళొచ్చాయి. మందు కలిసిందేమోనని నాలిక్కి రాసుకు మరీ చూశా, కలవలేదు. నా మడి నిండాక కింద వీళ్ళందరి మళ్ళకూ మళ్ళించాం. మా నారు బతికింది. పొరపాటున వచ్చాయో, మీరే వదిలారో నాకు తెలీదు. తప్పయితే మన్నించండి. కానీ నీళ్ళు మాత్రం తిరిగివ్వలేనమ్మా, అవి నేల తాగేసింది."

హతొగాయా గారు క్షణంసేపు కురమోచి వైపు చూశారు, క్షణంసేపు రైతుల వైపు చూశారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఊరికే పోదు. ఆమె మైకు అందుకున్నారు.

"పిల్లలూ! నీళ్ళంటే మనం ఈదేవి మాత్రమే కావు, మనం తినే అన్నం కూడా అని మీకు చూపించాలని, మన కురమోచి మాస్టారు ఎవరికీ చెప్పకుండా ఈ కార్యక్రమం ఏర్పాటు చేశారు. ఉప హెడ్మాస్టరు గారికి కూడా చెప్పలేదు. అంత వినయం ఆయనది!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవారు నెజు గారు. ఈ ఏర్పాటు తనకు మొదటి నుంచీ తెలుసని పక్కనున్న టీచరుతో అప్పుడే అంటున్నారు కూడా.

కురమోచికి కళ్ళు చెమర్చాయి. పరువు దక్కింది, మేడం పరువూ దక్కింది, మోకాలి లోతు నీళ్ళలో ఈత గొడవ కూడా లేదు. ఒకే దెబ్బకు మూడు పిట్టలు. కోటు సర్దుకుని కుర్చీలో కూర్చోబోయాడు.

"ఇక నమూనా ఈత!" అన్నారు హతొగాయా గారు. "రేవులో పుట్టిన మనిషికి మోకాలి లోతు ఒక లెక్కా? మాస్టారూ, రండి!"

నలభై మంది నాలుగో తరగతి పిల్లలు లేచి నిలబడి మాస్టారి పేరు అరిచారు. ఇక తప్పించుకునే దారి లేదు. భయపడితే భయం పెద్దదవుతుందని తనే చెప్పాడు. అంగీ విప్పి దిగాడు. బోర్లా పడుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఒక చెయ్యి కింద పెట్టాడు. అడుగు తగిలింది. రెండో చెయ్యి పెట్టాడు. అదీ తగిలింది. అంతే, ప్రాణం లేచొచ్చింది. కాళ్ళతో టపటపా నీళ్ళు కొడుతూ, చేతులతో కొలను అడుగు మీద నడుచుకుంటూ, మధ్యమధ్య గొప్పగా ఊపిరి పీలుస్తూ అవతలి గట్టుకు చేరాడు. నురగ ఎంత లేచిందంటే, ముందువరుస పిల్లలు తడిసి ముద్దయ్యారు.

"ఆ చేతుల బలం చూశారా! ఎంత నిదానంగా, ఎంత నిలకడగా!" అని హతొగాయా గారు మైకులో పొంగిపోయారు.

తువ్వాలు అందించడానికి వచ్చిన నెజు గారు అతని అరచేతుల వైపు చూశారు. సిమెంటు గీసుకుని రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆయన చుట్టూ చూసి, చెవి దగ్గర గొణిగారు.

"నాకూ రాదు మాస్టారూ. నేను బాధ్యుడిగా ఉన్నన్నేళ్ళూ ప్రతి జూన్‌లో జలుబు చేసేది. ఏడ్చే కప్ప నాదే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, జీవితంలో మొదటిసారి, వంగకుండా నవ్వుకున్నారు. ఆ నవ్వు పూర్తి కాకముందే మైకు మళ్ళీ మోగింది.

"ఇంకో శుభవార్త! వచ్చే నెల ఊరి పెద్ద కొలనులో జరిగే పోటీలకు మన పిల్లల్ని తీసుకెళ్ళేది కురమోచి మాస్టారే. పోటీకి ముందు మాస్టార్లు కూడా ఒకసారి ఈది చూపించాలట. ఆ కొలను రెండు నిలువుల లోతు, మన మాస్టారికి తగ్గ లోతు! ఏమంటారు మాస్టారూ?"

"ఆలోచిస్తానండీ," అన్నాడు కురమోచి. గట్టంతా చప్పట్లతో దద్దరిల్లింది.

మర్నాడు ఆదివారం. ఊరి పెద్ద కొలను తెరవకముందే కురమోచి మాస్టారు అక్కడికి వెళ్ళి, ఫిల్టరు గది ఎటువైపుందో మర్యాదగా విచారించి వచ్చాడు.